నలభయ్యో ముద్ర

తిరుపతి,
18 ఆగస్టు 2025

దయానంద్ సార్‌కు,

నమస్కారాలు. మీరూ, ఇంట్లో మేడమ్ గారూ క్షేమమని తలుస్తాను. రోజూ క్లాసులో చూస్తూ ఉత్తరమేమిటని అనుకోకండి. ఎదురుగా ఉంటే నేను అన్నిటికీ సరే సార్ అనేస్తాను.

ఎవరికి ఇష్టమైనదాన్ని వాళ్లు పరిశోధించి కళగా చేయమన్నప్పుడు మునికుమార్ బస్సు హారన్లు పట్టుకున్నాడు. నేను వేలిముద్రలన్నాను. పోలీసుద్యోగానికి పోరాదా అని మీరు నవ్వారు. కాయ సీజనంతా బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని, లోపల కాయలు కోసే ఆడవాళ్లవి నలభై ముద్రలు తీసుకున్నాను. ఎవరు ఎన్నేళ్లుగా కోస్తున్నారో ఆ వరుసలో గోడకు పెట్టాను. మొదటి ఏడాది పిల్లది ముగ్గులా పడింది. పోనుపోను సొనకూ నీళ్లకూ అరిగి గీతలు తెగిపోతాయి. ఒకామె వేలు చాపి, దీన్ని రేషనంగట్లో మిషనే పట్టడంలే, నువ్వేం జేస్తావు పాపా అనింది. నవ్వి ఆ వేలికి ఇంకు రాశాను.

చివరిదాంట్లో ఒక్క గీతా లేదు, నల్లటి చుక్క అంతే. అది పొరపాటున పడిన మచ్చ, గురువారం ప్రదర్శనలోపు తీసెయ్యి, బయటి నుంచి మార్కులు వేయడానికి వచ్చేవాళ్లు నువ్వే గీశావనుకుంటారు అన్నారు మీరు. సరే సార్ అన్నాను. కానీ తీయలేదు.

ఆ ముద్ర వేసినామె చేత ఐదుసార్లు వేయించాను. ఐదుసార్లూ అంతే పడింది. అది లేకపోతే మిగతా ముప్పైతొమ్మిదీ ఎటు పోతున్నాయో తెలియదు. మార్కులు పోతే పోనివ్వండి. మీరు దాన్ని మచ్చ అన్నప్పుడు మాత్రం బాధ కలిగింది.

ఉంచడానికి అనుమతి ఇవ్వగలరు.

మీ విద్యార్థిని,
రాజశ్రీ
బి.ఎఫ్.ఏ. మూడో సంవత్సరం

తా.క.: ఆ చివరి ముద్ర మా అమ్మది, పేరు అక్కమ్మ. రెండేళ్ల కిందట అడ్మిషన్ రోజు ఆఫీసులో ఆమె ఇలాగే వేస్తే, ఇది చెల్లదు, సరిగ్గా వేయించుకుని రా అన్నారు అక్కడివాళ్లు. అమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంకో ఫారం మీద నేనే వేశాను. కింద సాక్షిగా సంతకం చేసింది మీరే. నా ఫైల్లో తల్లి వేలిముద్ర అని ఉన్నది నాది సార్. నా సీటు విషయం మీరెలా తేల్చినా సరే. గోడ మీద మాత్రం అమ్మది ఉండనివ్వండి.