బూట్ల కొలతలూ, బ్రేకింగ్ న్యూసూ

సోమవారం, ఫిబ్రవరి 3

గౌరవనీయులైన హెడ్ మేడం సుగుణకుమారిగారికి,

మీ బళ్ళో రెండో తరగతి చదువుతున్న లక్ష్మీతులసి తల్లి వెంకటదుర్గ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంకెన్నాళ్ళు క్షేమమో టీవీ వాళ్ళే చెప్పాలి.

ఫోన్ చేస్తే "క్లాసులో ఉన్నానమ్మా" అని పెట్టేస్తున్నారు. అందుకని ఈ ఉత్తరం పాప టిఫిన్ సంచిలో పెట్టి పంపుతున్నాను. నేను ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటానని మీకు తెలుసు కదండీ. మిషను పక్కనే టీవీ ఉంటుంది. నిన్న పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒకటే వార్త. "కోనసీమలో పిల్లల కిడ్నాప్ ముఠా?" అని పెద్ద అక్షరాలు, వెనకాల గుండెలు అదిరిపోయే మ్యూజిక్కు. ఒకే ఆటోని నలభైసార్లు చూపించారు. దాని చుట్టూ ఎర్రగా గీత గీశారు. మామూలు ఆటో అయితే ఎర్ర గీత ఎందుకు గీస్తారండీ?

కాబట్టి నా మనవి ఏమిటంటే, తులసిని కిటికీ పక్కన కూర్చోబెట్టవద్దు. మధ్య బెంచీలో, అటు ఇద్దరు ఇటు ఇద్దరు ఉండేలా, కాస్త బొద్దుగా ఉన్న పిల్లల మధ్య కూర్చోబెట్టండి. నేను వస్తే తప్ప ఎవరితోనూ పంపవద్దు.

ఇట్లు,
భయంతో, భక్తితో,
వెంకటదుర్గ

తా.క. మా మావగారు వచ్చినా పంపవద్దు. ఆయన మంచివారే. కానీ దారి అడిగిన ప్రతివాడినీ ఇంటికి తీసుకొచ్చి కాఫీ ఇప్పిస్తారు.

---

మంగళవారం, ఫిబ్రవరి 4

శ్రీమతి వెంకటదుర్గగారికి,

సుగుణకుమారి శుభాకాంక్షలు. మీ ఉత్తరం అందింది. పులిహోర నూనె కొంచెం అంటింది కానీ చదవడానికి ఇబ్బంది లేదు.

బిడ్డ గురించి తల్లి భయపడటాన్ని నేను తప్పు పట్టను. అందుకే నిన్న సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి అడిగాను. మన మండలంలో ఈ ఏడాది పిల్లలు తప్పిపోయినట్టు ఒక్క కేసూ లేదని చెప్పారు. మీరు చూసిన వార్త చివర ప్రశ్నార్థకం ఉంది, గమనించారా? అడిగి ఊరుకున్నది వాళ్ళు. జవాబు మాత్రం మీరు చెప్పేసుకున్నారు.

అయినా మీ మనశ్శాంతి కోసం ఒక ఉపాయం. ఒక రహస్యపదం పెట్టుకోండి. ఆ పదం చెప్పినవారితోనే పాపని పంపుతాం.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
జె. సుగుణకుమారి, ప్రధానోపాధ్యాయిని

తా.క. తులసి కిటికీ పక్కనే కూర్చుంటానని ఏడ్చింది. కాబట్టి బొద్దుగా ఉన్న పిల్లల్నే కిటికీ వైపుకి మార్చాను.

---

గురువారం, ఫిబ్రవరి 6

గౌరవనీయులైన హెడ్ మేడంగారికి,

వెంకటదుర్గ నమస్కారములు. రహస్యపదం ఉపాయం బాగుందండీ. "పనసపొట్టు" అని పెట్టుకున్నాం. నిన్న పెళ్ళివారి జాకెట్లు ఉండి నేను రాలేక, గుండె రాయి చేసుకుని మా మావగారికి పదం చెప్పి పంపించాను. దారిలో మర్చిపోయారట. ఏదో కూర అని మాత్రం గుర్తుంది. గేటు దగ్గర నిలబడి "కంద! బచ్చలి! దొండకాయ వేపుడు!" అని వరసగా పాడుతుంటే మీ ఆయమ్మగారు "కాదండి, ఇంకోటి చెప్పండి" అంటున్నారట. చివరికి రెండో తరగతి మొత్తం కిటికీలోంచి "పనసపొట్టు, తాతా!" అని అరిచిందట. ఇక ఆ రహస్యం రహస్యంగా ఎలా ఉంటుందండీ?

అసలు సంగతి ఇది కాదు. ఇవాళ మధ్యాహ్నం నేను క్యారేజీ తెచ్చేసరికి మీరు లేరు, మలికిపురంలో మీటింగుకి వెళ్ళారన్నారు. అదే సమయం చూసుకుని ఒకావిడ బళ్ళోకి వచ్చింది. కళ్ళజోడు, హ్యాండ్‌బ్యాగు, చాలా పెద్దమనిషి తరహా. టీవీలో చెప్పింది అచ్చంగా ఇదే! "అనుమానం రాకుండా పెద్దమనుషుల్లా వస్తారు" అన్నారు. ఆవిడ వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని మా తులసి పాదానికి టేపు పెట్టి కొలిచింది. కొలిచి పుస్తకంలో రాసుకుంది! పిల్లల పాదాలతో ఎవరికేం పని?

రోడ్డు మీంచే ఫోనుతో ఫోటో తీసి, మా మావగారిని పిలుచుకుని వచ్చేసరికి స్కూటీ మీద వెళ్ళిపోయింది. జాగ్రత్త కోసమని ఆ ఫోటో తల్లుల గ్రూపులో పెట్టాను. "పిల్లలకి కొలతలు తీస్తున్న ముఠా మనిషి, అందరికీ పంపండి" అని రాశాను. అందరూ దణ్ణం గుర్తులు పెట్టారు.

ఇట్లు,
అప్రమత్తంగా ఉన్న,
వెంకటదుర్గ

తా.క. కొత్త రహస్యపదం మా మావగారికి చెప్పడం లేదు. పదం అక్కర్లేదు, కూరల పేర్లు వరసపెట్టి చెబుతున్న మనిషి కనిపిస్తే ఆయనే అనుకుని పంపేయండి.

---

శుక్రవారం, ఫిబ్రవరి 7

వెంకటదుర్గగారికి,

మీ ఉత్తరం ఈ ఉదయం చదివాను. అప్పటికే జరగవలసింది జరిగిపోయింది.

ఆవిడ పేరు శారోన్. మన మండలంలో బళ్ళన్నీ తిరిగి, వచ్చే ఏడాది పిల్లలకిచ్చే బూట్ల కోసం కాలి కొలతలు రాసుకునే ఉద్యోగి. నిన్న మన బళ్ళో నలభై ఒక్కమందికి కొలతలు తీసి, తాటిపాక మీదుగా ఇంటికి బయలుదేరారు. మీరు పెట్టిన ఫోటో ఆవిడకంటే ముందు తాటిపాక సెంటరుకి చేరింది. ముప్ఫైమంది చుట్టుముట్టారు. స్కూటీ తాళం లాక్కున్నారు. సంచి రోడ్డు మీద బోర్లించారు. ఒకడు చెయ్యెత్తాడట. బట్టల కొట్టు దానంగారు పరుగున వచ్చి ఆవిణ్ణి కొట్లోకి లాగి షట్టరు దించేశారు కాబట్టి సరిపోయింది.

ఆ దృశ్యం ఒక ఛానెల్లో "చిక్కిన కిడ్నాపర్" అని వచ్చింది. ఈసారి ప్రశ్నార్థకం కూడా లేదు.

మీరు కావాలని చేయలేదని నాకు తెలుసు. కానీ శారోన్‌కి కూడా ఒక పాప ఉందమ్మా. మూడో తరగతి. ఇవాళ ఆ పాప బడికి వెళ్ళలేదు. "మీ అమ్మ పిల్లల్ని ఎత్తుకుపోతుందంట కదా" అని నిన్న సాయంత్రమే వీధిలో తోటిపిల్లలు అన్నారట.

సుగుణకుమారి

ఈసారి తాజా కలం లేదు.

---

సోమవారం, ఫిబ్రవరి 10

పూజ్యులైన హెడ్ మేడంగారికి,

వెంకటదుర్గ సాష్టాంగపడి రాస్తున్నది. మీ ఉత్తరం చదివాక రెండు రోజులు మిషను తొక్కలేదు. టీవీ కూడా పెట్టలేదు. నేను రోజూ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ టేపు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకునే మనిషిని. ఇంకొకామె చేతిలో అదే టేపు చూసి దొంగ అనేశాను. ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

నిన్న శారోన్ మేడంగారి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారు సూరమ్మగారు తలుపు తీశారు.

"ఎవరమ్మా?"

"ఆ ఫోటో పెట్టింది నేనేనండి," అన్నాను.

ఆవిడ తిట్టలేదు. "మా మనవరాలు గదిలోంచి బయటికి రావట్లేదమ్మా. నువ్వే వచ్చి ఆ మాటేదో దానికి చెప్పు," అన్నారు. తిట్టినా బాగుండేది. గది గుమ్మంలో నిలబడి ఆ పాపకి చెప్పాను. "మీ అమ్మ మంచిదమ్మా. తప్పు నాది." ఆ పాప నన్ను చూసి, "అందరికీ చెప్తారా అండి?" అంది.

"ఆయ్, చెప్తాను," అన్నాను.

అందరికీ అంటే ఎలాగండీ? గ్రూపులో "పొరపాటు" అని రాస్తే ముగ్గురు చూశారు. అప్పుడు ఆలోచన వచ్చింది. మన తల్లులు పదకొండుమందిని కూడగట్టుకుని ఇవాళ పొద్దుటే అదే సెంటర్లో, దానంగారి కొట్టు ముందు నిలబడ్డాను. శారోన్ మేడంగారిని బతిమాలి తీసుకొచ్చి కొట్లో కూర్చోబెట్టాం. ఆ ఛానెల్‌కి ఫోన్ చేశాను. "కిడ్నాప్ ముఠా అసలు మనిషి దొరికిందండి, రండి!" అన్నాను. నిజం చెబుతాం రమ్మంటే వాళ్ళు రారని నాకు తెలుసు.

పావుగంటలో విలేకరి దిగాడు. కర్రకి ఫోను బిగించి, "ప్రత్యక్ష ప్రసారం" అని మొదలెట్టేశాడు.

"ఎక్కడమ్మా ఆ కిడ్నాపర్?" అన్నాడు.

"నేనేనండి," అన్నాను.

మేడంగారూ, వందమంది ఉన్న సెంటరు మొత్తం నావైపు తిరిగింది. నేను ఆగలేదు. "పోయిన గురువారం ఈ సెంటర్లోనే ఒకావిడ పరువు ఎత్తుకుపోయేం. ఫోటో తీసింది నేను. ఎవరని అడక్కుండా టీవీలో వేసింది మీరు. తాళం లాక్కుంది అదిగో ఆ నీలం చొక్కా ఆయన. ముఠా అంటే మనమే కదండీ! ఆవిడ నా బిడ్డ కాలికి బూట్లు కొలవడానికొచ్చేరు. ఇదీ నిజం. నాలుగు రోజులు అబద్ధం చూపించేరు కదా, ఇది ఎంతసేపు చూపిస్తారో చూస్తాను," అన్నాను.

ఆ అబ్బాయి ఫోను దించబోయాడు. మన తల్లులు చుట్టూ చేరి, "ఉండండి బాబూ, కంగారేముందండి, కొబ్బరినీళ్ళు తాగండి," అని ఎంతో మర్యాదగా ఒక్క అడుగు కూడా కదలనివ్వలేదు. ఆ అబ్బాయి నా ముఖంలోకి ఒకసారి చూసి, ఏమనుకున్నాడో గానీ ఫోను మళ్ళీ ఎత్తిపట్టుకున్నాడు. శారోన్ మేడంగారు కొట్లోంచి బయటికొచ్చారు. నేను కొట్టు అరుగు మీద కూర్చుని, అందరూ చూస్తుండగా పాదం చాపాను. "నాకూ కొలత తీయండి మేడంగారూ," అన్నాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వేశారు. నవ్వుతూనే టేపు తీశారు. ముందు దానంగారు చప్పట్లు కొట్టారు. తర్వాత సెంటరంతా కొట్టింది. నీలం చొక్కా ఆయన వచ్చి చేతులు జోడించి, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

గెలిచాం మేడంగారూ!

ఆ విలేకరి సంగతే నాకు మింగుడుపడట్లేదు. ఏ తల్లి కన్నదో గానీ, ఒట్టి వెర్రిముండాకొడుకు, బుర్ర తక్కువ సన్నాసి, ఊకదంపుడు మేళం. ఒక్కరోజైనా బడి గుమ్మం తొక్కి ఉంటే, తెలియనిది అడిగి రాయాలని ఏ టీచరో నేర్పేది.

ఇట్లు,
తలెత్తుకు తిరుగుతున్న,
వెంకటదుర్గ

తా.క. నా పాదం తొమ్మిదో నంబరట. ఊరంతటికీ తెలిసిపోయింది.

---

బుధవారం, ఫిబ్రవరి 12

ప్రియమైన దుర్గమ్మకి,

సుగుణకుమారి ఆశీస్సులు. ఈ ఉత్తరానికి ముందు మూడు కాగితాలు చింపేశాను.

ఆ అబ్బాయి బడి గుమ్మం తొక్కాడమ్మా. మన బడి గుమ్మమే. ఒకటి నుంచి ఐదు దాకా నా దగ్గరే చదివాడు. సాయంత్రమైతే నాతోపాటే ఇంటికి వచ్చేవాడు, ఇప్పటికీ మా ఇంటికే వస్తాడు. బెంజమిన్ నా చిన్నకొడుకు.

శుక్రవారం నీకు అంత కటువుగా రాసినప్పుడు ఆ ఒక్క మాట దాచాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఊళ్ళో పిల్లలకి మంచీచెడ్డా చెప్పినదాన్ని, నా ఇంట్లోవాడు చేసిన పనికి నీ మీద కోప్పడ్డాను. వాడితో మాత్రం నాలుగు రోజులు మాట మానేశాను. "జిల్లాలో అందరికంటే ముందు మేమే వేసేమమ్మా," అని గొప్పగా చెప్పుకున్నాడు, అందుకు.

సోమవారం మధ్యాహ్నం వాడు ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, ఆవిడ నేనేనండి అని ముందుకొచ్చేరు. రోజూ ఇంతమందిని తీస్తున్నాను గానీ, తప్పు నాదని చెప్పిన మనిషిని ఇదే చూడ్డం," అన్నాడు. "మరి నువ్వెప్పుడు చెప్తావురా?" అన్నాను. లేచి వెళ్ళిపోయాడు.

శారోన్ ఇంటికి వెళ్ళాడట. మర్నాడు ఆ పాప చదివే బడికి వెళ్ళి, అక్కడి టీచర్ల అనుమతి తీసుకుని, మూడో తరగతి పిల్లల ముందు నిలబడి, "వీళ్ళమ్మగారి గురించి నేను అబద్ధం చెప్పేను, క్షమించండి," అన్నాడు. ఆ పాప ఇవాళ బడికి వెళ్ళిందట. మొదటి బెంచీలో కూర్చుందట. నీ ప్రత్యక్ష ప్రసారం ఆపేయమని పైనుంచి వాడికి మూడుసార్లు ఫోనొచ్చిందట. వాడు ఎత్తలేదు. దాన్ని జిల్లా అంతా చూశారు. నిన్న రాత్రి ఏడు గంటల వార్తల్లో ఛానెల్ వాళ్ళు పెద్ద అక్షరాలతో క్షమాపణ వేయక తప్పలేదు.

ఇదంతా నువ్వు "నేనేనండి" అన్నందువల్ల జరిగింది. నా కొడుక్కి నేను నేర్పలేకపోయిన పాఠం నువ్వు నడిరోడ్డు మీద నేర్పావు. శనివారం తల్లుల సమావేశం ఉంది. మాట్లాడవలసింది నువ్వు. నేను వెనక బెంచీలో కూర్చుని వింటాను.

ఇట్లు,
ఆ వెర్రివాడి తల్లి,
సుగుణకుమారి

తా.క. నీ ఉత్తరం వాడికి పైకి చదివి వినిపించాను. ఊకదంపుడు మేళం అంటే ఏమిటో వాడికి తెలియలేదు. తెలియనిది అడిగి తెలుసుకోవడం వాడు అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు.