అమ్మ సునాముఖి తాగింది

తమ్ముడూ,

ఇవాళ అమ్మ సునాముఖి ఆకు కషాయం తాగింది. ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నీ కడుపునొప్పికి అమ్మ పట్టింది ఆ కషాయమే. అపెండిక్స్ నొప్పికి విరేచనాల మందు ఇవ్వకూడదని అమలాపురంలో డాక్టరు చెప్పేసరికి నువ్వు లేవు. అప్పట్నుంచి ఆ ఆకుని అమ్మ ఇంట్లోకి రానివ్వలేదు.

ఈమధ్య తనకి తిన్నది అరగడం లేదు. ఐనవిల్లి వైద్యులు గారు పొట్టంతా నొక్కి చూసి, "కడుపు శుభ్రపడాలండీ. సునాముఖి పుచ్చుకోండి" అన్నారు. అమ్మ మొహం పాలిపోయింది. వద్దంటుందనుకున్నాను. "ఆయ్" అంది.

పొద్దున్న తనే కాచుకుంది. గ్లాసు నోటిదాకా తెచ్చి దించేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. లాక్కుని పారబోద్దామనిపించింది. చివరికి కళ్ళు మూసుకుని గటగటా తాగేసి, ఖాళీ గ్లాసులోకి చూసింది.

"ఇంత వెగటు మందు, పిల్లాడు పేచీ పెట్టకుండా ఎలా తాగేడే?" అంది.

"నువ్విచ్చేవని తాగేడమ్మా" అన్నాను.

అక్క