నిలువు లెక్క, అడ్డం తెర

గోదావరిఖని
3 ఆగస్టు 2010

రబియా చెల్లెకు,

సారవ్వ చెప్పి రాయించేది. బసంత్‌నగర్ల నీ తమ్మునింట్ల మనసు కుదురుకున్నదా అని అడుగను. కుదరదు. గనిల కప్పు కూలి నీ ఇంటాయన మహమూద్ పోయి ఐదు నెలలైంది, మా పక్కన నీ తలుపుకు తాళం చూసుడు నాకింకా అలవాటు కాలె. ఇది నీ బిడ్డ జూహీతోని చదివించుకో. నాకు వేలిముద్ర తప్ప ఏం రాదని నీకెరుకే, రాస్తున్నది నా బిడ్డ యమున.

సోమవారం విచారణల నిన్ను వాంగ్మూలం అడుగుతరు. గనిల పైకప్పు కుంగుడు చూసే మిషన్ పెట్టిన కాంట్రాక్టు కంపెనీవోళ్లు, గంట మోగినా మహమూద్ కదల్లేదని చెప్పబోతున్నరు. ఎలుక ఉరికినా కప్పు దిక్కు చూసేటోడు మహమూద్. ఆ మాట గట్టిగ చెప్పు. కానీ నువ్వు యమున పేరు గూడ చెప్తనంటున్నవట. అది నేను ఒప్పుకోను. ఆ కంపెనీల ఆమెది లెక్కల పని. లెక్క ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషల ఉన్నదట. హైదరాబాద్ సార్లు వచ్చి చూసి ఒక్క అంకె తప్పు లేదన్నరు. ఆ లెక్క చూసి గంట కొట్టేది కంప్యూటర్ తెర. దాన్ని సీ అనే ఇంకో భాషల ఎవలో చేసిండ్రు. చేసినోన్ని అడుగు. నా బిడ్డ మీదికి వస్తే ఊకోను, చెల్లెవైనా సరే.

నీ అక్క,
సారవ్వ


గోదావరిఖని
6 ఆగస్టు 2010

రబియా,

మొన్నటి ఉత్తరం పక్కకు పెట్టు. చింపినా సరే. పోస్టుల ఏస్తే సోమవారంకు అందదని దీన్ని బస్సు డ్రైవర్ పోశంతోని పంపుతున్న.

అది యమున నేను చెప్పింది చెప్పినట్టు రాసి, పోస్టు డబ్బల ఏసి వచ్చింది. ఆనాటి సంది అన్నం సక్కగ తినలె. ఇయ్యాల పొద్దుగాల నేను బియ్యం చెరుగుతుంటె వచ్చి కూసున్నది.

"అవ్వా, లెక్క నాది కాదు. అది మా కంపెనీల లింగమూర్తి సార్ ఎప్పుడో రాసింది. దాన్ని తెరకు కలిపింది నేను."

"కలిపితే ఏమైతదే?"

"ఫోర్ట్రాన్ అంకెలను నిలువుగ పేరుస్తది. సీ అడ్డంగ చదువుతది. నేను తిప్పి ఇయ్యాలె. ఇయ్యలె."

ఒక భాష ఒకటి నుంచి లెక్కవెడ్తదట, ఇంకోటి సున్న నుంచి. అది యాద్ పెట్టుకొని సరిచేసిందట, ఇది మరిచింది. కప్పు కొలిచేది ఆరు జాగలల్ల, ఆరు షిఫ్టులు. రెండు దిక్కుల ఆరే గనుక మిషన్ గూడ తప్పు పట్టలె. పరీక్ష చేసిననాడు అన్ని గడులల్ల ఒక్కటే అంకె ఏసి చూసిందట. ఎట్ల చదివినా ఒక్కతీరే కనవడ్తది గద.

నాకు సమజ్ కాదనుకున్నది. ల్యాంప్ రూంల ఇరవై ఏండ్లు ఊడ్చినదాన్ని. గని దిగేటోళ్ల నంబర్ బిళ్లలు బోర్డు మీద ఒకడు నిలువు వరసల తగిలేసి, ఇంకొకడు అడ్డం వరసల చదివితే, లోపలున్నోడు ఇంటికి పోయినట్టే కనవడ్తడు. బిళ్లల తప్పుండదు, బోర్డుల తప్పుండదు.

మహమూద్ నిలబడ్డ జాగల కప్పు షిఫ్టు మీద షిఫ్టు కుంగింది. తెర మీదనేమో ఒక్క షిఫ్టుల అన్ని జాగలు ఇంతంత కదిలినట్టు చూపింది. ఒక్క జాగ వరసగ కుంగితేనే గంట. గంట మోగలె, రబియా. మోగిందన్నది అబద్ధం.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" అన్న.

"నలభై దినాలు గూడ కాకముందే."

"మరి చెప్పకపోతివేందే?"

"నువ్వు రోజు వాళ్లింటికి అన్నం గిన్నె తీస్కపోతున్నవు అప్పుడు."

నేను కొట్టలె, ఏడ్వలె. చేతుల ఉన్న బియ్యం చెరిగి డబ్బల పోసిన.

సోమవారం ఆమె వచ్చి ఇదంత చెప్తది. కేసైతదో, జైలైతదో. వద్దే అని నోటిదాక వచ్చింది, మింగిన. ఆమె చెప్పకపోతె మహమూద్ మీద ఆ మాట అట్లనే ఉంటది. నువ్వు గూడ ఆమె పేరు చెప్పు, నా మొకం చూసి ఆగకు. ఈ ఉత్తరం గూడ ఆమే రాస్తున్నది. "జైలు" అన్నకాడ పెన్ను ఆపి, "ఇది రాయాల్నా అవ్వా?" అన్నది. రాయమన్న.

విచారణ కాడ నీ దిక్కువోళ్లకు ఒక పక్క, యమున దిక్కువోళ్లకు ఒక పక్క కుర్చీలు ఏస్తరట. నేను యాడ కూసోవాల్నో నాకు తెల్వది. నిలబడి ఉంట.

సారవ్వ వేలిముద్ర
రాసింది: యమున