మిద్దె మీద డిష్ తిప్పిన రోజు

మామా,

నువ్వు పోయినప్పటి నుంచి మన ఇంట్లో టీవీ పెట్టలేదు. మొన్న నీ సంవత్సరీకం అయిపోయింది. ఈ రోజు రాయచోటి నుంచి డిష్ మెకానిక్‌ను పిలిపించాను. మన పెళ్లయిన కొత్తలో నువ్వు మోజుపడి పెట్టించిన, డిష్‌ను తిప్పే మోటారు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అతను నూనె పోసి, డిష్‌ను మెల్లగా పడమటికి తిప్పుతూ, "బొమ్మ వచ్చిందా అక్కా?" అని మిద్దె మీద నుంచి అరుస్తున్నాడు. నేను నువ్వు మిద్దెక్కి డిష్ సర్దేటప్పటిలాగే టీవీ ముందు నిలబడి, "రాలా, ఇంగ రొంత జరుపు" అని కిటికీలోంచి బదులిస్తున్నాను.

ఉన్నట్టుండి చుక్కలన్నీ పోయి బొమ్మ తేటగా నిలిచింది.

"వచ్చింది మామా! ఇంగ దాన్ని ముట్టొద్దు. ఎండకు మాడిపోతాండావు, దిగిరా" అని అలవాటుకొద్దీ నీకు చెప్పినట్టే అతనికి కేకేశాను.

పైన స్పానర్ చప్పుడు ఆగింది. "దిగుతాండా" అన్నాడతను. ఈసారి అక్కా అని మాత్రం అనలేదు.