తెర మీది ముఖం

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటని ముక్కున వేలేసుకోకు. వేలేసుకోవడానికి నీ ముక్కైనా సవ్యంగా ఉంది. నాది రెండు వైపులా మూసుకుపోయి, ఫోన్లో నా మాట నాకే అర్థం కావడం లేదు. కిందటిసారి తీయించుకున్న ముక్కులోని కండలు మళ్ళీ పెరిగాయట. మొన్న పొయ్యి మీద పాలు మాడి వీధిదాకా మాడు వాసన కొట్టినా, పక్కింటావిడ వచ్చి తలుపు బాదేదాకా నాకు తెలియలేదు.

మళ్ళీ ఆపరేషన్ తప్పదన్నారు మా డాక్టరుగారు. మొదటిసారి చేసినప్పుడు లోపల ఆనవాలుగా ఉండే ఎముకలు చాలావరకు పోయాయి కాబట్టి ఈసారి కంప్యూటరు దారి చూపించాలట. నువ్వు నడిపే యంత్రం లాంటిదే. ఇక్కడికి కొత్తగా వచ్చింది, బొమ్మకి రంగులు వేసి సిద్ధం చేసేవాళ్ళు ఇంకా లేరు. అందుకని కొత్తగా స్కాన్ తీసి నేరుగా మీ ఆసుపత్రికే పంపుతున్నారు. కంటికీ మెదడుకీ పక్కన ఇనుప ముక్క తిప్పుతారట. నా బొమ్మ ఇంకెవరికీ ఇవ్వకు. నువ్వే చెయ్యి.

నీ వెనకాలే పుట్టి, నీ ముఖమే తెచ్చుకున్న
చెల్లి

•

ప్రియమైన మా చిన్నదానికి,

నీకు చిన్నప్పటినుంచీ ముక్కు మీదే కోపం. ఇప్పుడు ముక్కుకి నీ మీద కోపం వచ్చినట్టుంది. భయపడకు. ఈ యంత్రం నీ స్కాన్‌తో తల లోపలి బొమ్మ కడుతుంది. ఆపరేషన్ ముందు ఒక మొద్దు పుల్లతో నీ నుదురూ ముక్కూ చెంపలూ తాకుతారు. నీ ముఖం బొమ్మలోని ముఖంతో కలిస్తే, ఇక పరికరం మొన లోపల ఎక్కడుందో తెర మీద ప్లస్ గుర్తు చూపిస్తూ ఉంటుంది. ఇది మా దగ్గరికి వచ్చిన కొత్తలో సరిచూడ్డానికి ఎవరూ ముందుకు రాకపోతే, నేనే స్కాన్ తీయించుకుని దాని కింద పడుకున్నాను. ముఖం కలిసిందని అందరూ సంబరపడి టీ తాగడానికి వెళ్ళిపోయారు. నాకేం కాలేదుగా.

నీ బొమ్మ ఇవాళ తెరిచాను. పేర్లు తారుమారు కావచ్చు, ముఖం కాదు. అందుకని లోపలికి వెళ్ళేముందు ముఖం చూసి నిర్ధారించుకోవడం మా పద్ధతి. తెర మీద నీ ముఖం కళ్ళు మూసుకుని మెల్లగా అటూ ఇటూ తిరిగింది. కవలలమని తెలిసినా, నన్ను నేనే పడుకోబెట్టి చూస్తున్నట్టనిపించింది.

ఒక సంగతి నీ దగ్గర దాచలేను. ముక్కు వెనక, తల నడిమధ్యలో, కంటి నరం పక్కన ఒక గడ్డ ఉంది. చుట్టూ ఉన్న ఎముకని తినేస్తోంది. దానికి ఎర్ర రంగు వేసి మీ డాక్టరుగారికి పంపాను. వేస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. నీకు బదులు నాకొచ్చినా బాగుండేదే.

నీ పెద్దది

•

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నువ్వు పంపిన బొమ్మ చూసి, తన దగ్గరున్న నా పాత ఫిల్ములు తీయించారు. వాటిలో అక్కడ ఏమీ లేదట. ఇంత తొందరగా పెరిగేది మంచిది కాదన్నారు. కండలు తీసేసి వదిలేద్దామనుకున్న మనిషి, ఇప్పుడు చివరిదాకా వెళ్ళి, ఎముక తొలిచి దాన్ని కూడా తీస్తానంటున్నారు. చూపు పోవచ్చని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు.

విచిత్రమేమిటంటే, నాకు అక్కడ ఏమీ లేనట్టే ఉంది. తలనొప్పి లేదు. ఇప్పటికీ సూదిలో దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కిస్తాను. నీ తలలో గడ్డ ఉందే అని అద్దం ముందు నిలబడి చెప్పుకుంటే, ఎవరో పరాయివాళ్ళ సంగతి విన్నట్టుంటుంది. నీ మీద అనుమానం కాదక్కా. ఇంకొక్కసారి చూడవూ?

ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న
చెల్లి

•

ప్రియమైన పిరికిదానికి,

మళ్ళీ చూశాను. ముఖం నీదే, గడ్డ అక్కడే ఉంది. నాకు కనిపించకపోతే బాగుండునని నీకన్నా నేనే ఎక్కువ కోరుకున్నాను. ఈ మధ్య మా తెర పాడై ప్లస్ గుర్తు రెండుగా కనిపిస్తోంది. మరమ్మతు మనిషిని పిలిపిస్తే, తెర నిక్షేపంలా ఉంది మేడమ్ అని నవ్వాడు. వాడితో పోట్లాడి పంపించేశాను. ఒక కన్ను మూసుకుంటే ఒకటే గుర్తు కనిపిస్తుంది కాబట్టి, తలపోటు మాత్ర వేసుకుని, ఒంటికన్నుతోనే నీ బొమ్మంతా గాలించాను. సెలవు దొరకలేదు, లేకపోతే వచ్చి నీ పక్కనే కూర్చునేదాన్ని. మొండికేయకుండా వెళ్ళి పడుకో. ఆలస్యం చేస్తే నిన్ను పోగొట్టుకుంటానేమోనని భయంగా ఉంది.

నీ అక్క

•

ప్రియమైన అక్కకి,

బతికే ఉన్నాను. రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి. ముక్కులో దూది కుక్కి మాట్లాడొద్దన్నారు. అందుకని ఈ ఉత్తరం మీ మరిది చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన నోటితో చెప్తే నువ్వు వాదిస్తావు. నా రాత అయితే చివరిదాకా చదువుతావు. ముందు కూర్చో.

ఆపరేషన్ గదిలో నా ముఖం బొమ్మతో అచ్చు గుద్దినట్టు కలిసిందట. డాక్టరుగారు కండలు తీసుకుంటూ చివరిదాకా వెళ్ళారు. తెర మీద ప్లస్ గుర్తు ఎర్ర గడ్డ నడిబొడ్డుకి చేరింది. కెమెరాలో చూస్తే పరికరం మొన వట్టి ఖాళీలో ఉంది. గడ్డ లేదు, తిన్న ఎముకా లేదు. ఆయన అనుమానం వచ్చి, తనకి బాగా తెలిసిన ముక్కు లోపలి గోడనొకదాన్ని తాకి చూశారు. తెర మాత్రం మొన కంటిలోపల ఉందని చూపించింది. వెంటనే యంత్రం ఆపించి, కళ్ళతో చూసుకుంటూ మిగతా పని ముగించారు. "తెరని నమ్మి ఇంకాస్త తొలిచి ఉంటే నీకు ఆ కన్ను ఉండేది కాదమ్మా" అన్నారు తర్వాత.

బయటికి రాగానే మీ మరిదిని పిలిచి తెర మీది ముఖం చూపించారట. నా భార్యేనని ఈయన ఒట్టేసి చెప్పారు. మెలకువ వచ్చాక నాకూ చూపించారు. నేనూ నేనేననుకున్నాను. అప్పుడు డాక్టరుగారు కింది దవడలో తెల్లగా మెరుస్తున్న మచ్చ మీద వేలు పెట్టి, ఈ పన్నులో వెండి ఎప్పుడు నింపించుకున్నావని కాగితం మీద రాయమన్నారు. నేను పళ్ళ డాక్టరు గడప తొక్కి ఎరగను. పన్నులో వెండి ఉన్నది నీకు.

నా స్కాన్ ఇక్కడే మళ్ళీ తెరిపించి చూశారు. వెనకంతా శుభ్రంగా ఉంది. నువ్వు తెరిచింది యంత్రం వచ్చిన కొత్తలో తీసిన నీ స్కాన్. రెండూ మీ దగ్గరే ఉన్నాయి, నువ్వు పేరు వదిలేసి ముఖం చూసి తీసుకున్నావు. మనం కవలలం కాకపోతే ఆ పద్ధతి తప్పయ్యేది కాదు. ఆ రోజు మీవాళ్ళు ముఖం కలిసిందా అనే చూశారు గానీ, లోపల ఏముందో చూడాలని ఎవరికీ తోచలేదు. నీ తెరకి ఏమీ కాలేదక్కా. ఆ గడ్డ కంటిని తిప్పే నరాన్ని నొక్కుతుంటే ఒకటి రెండుగా కనిపిస్తుందట.

నా కన్ను పోబోయిందని నాకు నీ మీద ఇసుమంత కోపం లేదు. నువ్వు లేకుండా నేనెప్పుడూ లేను, కడుపులో కూడా. అదొక్కటే ఆలోచిస్తూ ఏడుస్తుంటే దూది తడిసిపోతోందని నర్సు తిడుతోంది.

నీ గడ్డ తీయడానికి వీలుంటుందనే అంటున్నారు డాక్టరుగారు. కానీ ఆ బొమ్మ పాతది. అప్పటికే ఎముకని తింటున్నది ఇప్పటికెంతైందో తనకు తెలియదన్నారు.

మీ మరిది నీ గుమ్మం బయట నిలబడి ఉన్నారు. సెలవు సంగతి తర్వాత చూసుకోవచ్చు. తాళం వేసి బయలుదేరు.

ఇక్కడ నీకోసం పక్క మంచం పట్టి ఉంచిన
చెల్లి