నీ వాటా పాయసం

తమ్ముడూ,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

మనం టీవీ కొన్నాం. పంద్రాగస్టుకి స్వాతంత్ర్య పోరాటం మీద డాక్యుమెంటరీ వేస్తున్నారంటే వీధి వీధంతా మన హాల్లోనే కూర్చుంది. ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగిన హెడ్ కానిస్టేబుల్ కూడా వచ్చాడు. ఎమర్జెన్సీలో నిన్ను జీపెక్కించిన మనిషే. మేం గుర్తుపట్టాం. ఆయన మమ్మల్ని గుర్తుపట్టలేదు.

తెర మీద పోలీసులు ఖద్దరు చొక్కాల వాళ్లని లాఠీలతో బాదుతున్నారు.

"రాక్షసులండీ!" అన్నాడాయన.

నాన్నగారు టీవీ మీంచి చూపు తిప్పలేదు. "కొట్టింది దొరలు కాదండి. నా వీపు మీద లాఠీ విరగ్గొట్టినాయన మన రాజమండ్రి వాడే."

జనగణమన రాగానే అందరం లేచి నిలబడ్డాం. అది అయ్యాక అమ్మ ఎప్పటిలాగే పాయసం పంచింది. ఏటా నీ స్టీలు గ్లాసు నింపి, మూతపెట్టి, మర్నాటిదాకా అలాగే ఉంచుతుంది. ఈసారి ఆ గ్లాసు తీసుకెళ్లి హెడ్ కానిస్టేబుల్ చేతిలో పెట్టింది.

"ఇది మా అబ్బాయి వాటా అండి. ఆవేళ జీపులో తీసుకెళ్లారు కదా, ఎక్కడ దింపారో మీకే తెలియాలి. కాస్త వాడికి అందించండి."

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఆయన మాత్రం ఆ గ్లాసు తాగలేక, కింద పెట్టలేక, అక్కడే నిలబడిపోయాడు.

అక్క