సూపు మిగలని గిన్నెలు

కితకత
ఏప్రిల్ మొదటి వారం

ప్రియమైన సుమియేకి,

తోమి వదిన తుంటి ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసి మనసు కుదుటపడింది. నువ్వు ఇక్కడి గురించి బెంగ పెట్టుకోకు. పొద్దున ఏడింటికల్లా గుమ్మానికి తెర కట్టి కొట్టు తెరుస్తున్నాను. పొలం నుంచి తిన్నగా సూపులో నూడుల్స్ వేసిన మన రామెన్ తినడానికి వచ్చేవాళ్లు ఎప్పట్లాగే బూట్ల మట్టి గుమ్మంలో రాల్చి, పేపరు కోసం కీచులాడుకుంటున్నారు.

నేను లేకపోతే సూపు గతేమిటని వెళ్లేముందు తెగ హైరానా పడ్డావు చూడు. గిన్నెలన్నీ అడుగు కనిపించేలా తిరిగొస్తున్నాయి. రోజూ వచ్చే కువబార కూడా ఆఖరి చుక్కదాకా తాగి మరీ లేస్తున్నాడు. ఇన్నేళ్లూ సూపు నీ చేతిలో పెట్టుకుని నన్ను నూడుల్స్ దగ్గరే నిలబెట్టావు గానీ, నా చెయ్యీ తక్కువదేం కాదు.

నీ తొకిజో


నీగత
ఏప్రిల్ చివర

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. అయితే మీ ఆయనకి నీతో పనిలేదన్నమాట, ఇక్కడే ఉండిపోవే అంది. నవ్వుతూనే అంది గానీ ఆ తర్వాత చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. బావ పోయాక ఈ ఇంట్లో తనొక్కతే.

ఆలోచిస్తే నాకూ అదే మంచిదేమో అనిపిస్తోంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ పొయ్యి ముందే నిలబడ్డాను. ఇప్పుడు నేను లేకుండానే గిన్నెలు ఖాళీ అవుతున్నాయంటే సంతోషమే. కాస్త ఏడుపూ వచ్చింది, దాచడమెందుకు. ఉండిపొమ్మంటే ఉండిపోతాను. ఏ సంగతో తేల్చి రాయండి.

ఒక్క సందేహం. రక్తపోటు ఉంది, సూపు ముట్టుకోవద్దని కువబార గారికి డాక్టరు గట్టిగా చెప్పాడు కదా. అప్పట్నుంచీ ఆయన నూడుల్స్ తిని సూపంతా వదిలేసేవారు. ఇప్పుడెందుకు తాగుతున్నారు? మీరు సూపులోకి ఎండు నెత్తళ్ల చేపల తలలూ పొట్టలూ గిల్లేసే వేస్తున్నారా?

మీ సుమియే


కితకత
మే నెల మధ్య

ప్రియమైన సుమియే,

గిల్లాలని నాకెప్పుడైనా చెప్పావా? సాయంత్రం ఊరి స్నానశాల నుంచి వచ్చేసరికి నెత్తళ్లు శుభ్రంగా పళ్లెంలో ఉండేవి. అలాగే అమ్ముతారనుకున్నాను. నువ్వు వెళ్లాక తలలతో వస్తుంటే, సరుకు నాసిరకమని కొట్టువాడితో పోట్లాట కూడా పెట్టుకున్నాను.

గిన్నెలు ఖాళీగా వస్తున్నాయి కదాని అన్నాళ్లూ రుచే చూడలేదు. నీ ఉత్తరం అందిన మర్నాడు ఒక గిన్నె వడ్డించుకుని కువబార పక్కన కూర్చున్నాను. రెండు గుక్కలు తాగేసరికి నోరంతా ఆ తలలూ పొట్టల చేదు. ఇంత చేదు ఎలా తాగుతున్నావయ్యా అని అడిగాను. వాడు గిన్నె కింద పెట్టాడు.

"మిగిలిస్తే నువ్వు దిగులు పడతావు. దిగులు పడితే కొట్టు మూసేస్తావు. మీ ఆవిడ వచ్చేదాకా ఎవరూ చుక్క వదలకూడదని అనుకున్నాంలే."

మిగతావాళ్లు తలెత్తకుండా నూడుల్స్ జుర్రుకుంటున్నారు. నాకు కళ్లు చెమర్చాయి. ఆవిరి తగిలిందన్నాను. ఎవరూ నమ్మలేదు.

ఇప్పుడు రోజూ కూర్చుని గిల్లుతున్నాను. వేళ్లు వాసనొస్తున్నాయి గానీ సూపులో చేదు పోయింది. కువబార డాక్టరు చెప్పినట్టే మళ్లీ సూపంతా వదిలేస్తున్నాడు, దాన్ని చూస్తే నాకు ప్రాణం హాయిగా ఉంటోంది. కాబట్టి సుమియే, సూపు కోసం నువ్వు రానక్కర్లేదు. ఆ సంగతి తేలాకే ఉత్తరం రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. ఉండిపొమ్మని నేను రాయలేను. నువ్వు లేకపోతే నాకు ఏం తోచడం లేదు. రా. వదినని ఒంటరిగా వదలలేవని తెలుసు. వెనక గది ఖాళీ చేసి మంచం వేయించాను. తననీ తీసుకురా.

నీ తొకిజో


నీగత
మే చివర

ప్రియమైన శ్రీవారికి,

ఈసారి అక్కకి చదవబోయి, "రా" దగ్గర ఆగిపోయాను. తనే ఉత్తరం లాక్కుని చదువుకుంది.

"మహానుభావుడు ఇన్నేళ్లకి ఒక్క అక్షరం రాశాడు. ఇంకా కూర్చున్నావేమే, సర్దు."

తనూ వస్తోంది. చేతికర్ర ఉంది కాబట్టి నిదానంగా దిగుతాం. ఆదివారం మధ్యాహ్నం బండికి స్టేషనులో ఉండండి.

వచ్చాక తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్తాననుకోకండి. బల్లకి అవతల, వచ్చినవాళ్లు కూర్చునే చోట కూర్చుంటాను. నాకూ అక్కకీ చెరో గిన్నె వడ్డించండి. నేను కువబార గారిని కాను. బాగోలేకపోతే మొహం మీదే చెబుతాను.

మీ సుమియే